మా ఆవిడ ఒంట్లో ఓదేలు కణాలు

రోజు 9. కొత్త బొబ్బలు: పదకొండు.

కణాలు ఎక్కించిన రోజు నుంచి లెక్క రాయమన్నారు. రాయాల్సింది జబ్బు మనిషి కాదు, చూసుకునే మనిషి. జబ్బు మనిషి రాస్తే ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకుంటారని ఒకటో రెండో తగ్గించి రాస్తారట. అందుకని మా ఊరు గుహపురంలో ఇదొక కట్టుబాటు. ఒంటికి ఆకు ఎవరు వేస్తే అంకె వాళ్లే వేయాలి. పైనున్న గడిలో అంకె వేస్తే ఆస్పత్రి యంత్రం చదువుకుంటుంది. కింద ఖాళీలో ఏం రాసినా ఎవరికీ పట్టదు. నాకు రాసే పిచ్చి ఉంది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు గనిరాజు. ఆకుల గదిలో అరటి పెంచుతాను. ఇక్కడ అరటి పెంచేది గెల కోసం కాదు, ఆకు కోసం. మా ఆవిడ తాయారుకి ఎనిమిదేళ్లుగా ఒళ్లంతా నీటిబొబ్బలు. దుప్పటి తగిలితే అంటుకుపోతుంది, లాగితే తోలుతో సహా ఊడొస్తుంది. ఆవిరి పట్టిన లేత అరటాకు ఒక్కటే అంటుకోదు. రెండు పూటలా ఆకు మార్చాలి, నున్నటి వైపు ఒంటికి తగలాలి, పాతది తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి తీయాలి. ఈ ఊళ్లో నా అంత మెత్తగా ఆకు తీసేవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను.

మా పెళ్లప్పుడు భూమి మీద నుంచి తాయారు మేనత్త కబురు పెట్టింది, పిల్లకి కుజదోషం ఉంది, చూసుకోండి అని. కుజుడి మీదే కాపురం పెట్టేవాళ్లకి కుజదోషం ఏమిటని ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఐదేళ్లకి మొదటి బొబ్బ లేచింది. ఆ మేనత్తకి ఇప్పటికీ నేను ఈ సంగతి చెప్పలేదు.

రోజు 16. ఏడు.

డాక్టర్ రిజ్వానా గారు ఇవాళ కణాలని తెర మీద చూపించారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాసుకుంటున్నాను. తోలులో కణానికీ కణానికీ మధ్య ఒక జిగురు ఉంటుంది. రక్తంలో బి కణాలని ఉంటాయి, బయటి నుంచి వచ్చిన క్రిముల మీదకి ఆయుధాలు తయారు చేయడం వాటి పని. తాయారు బి కణాల్లో కొన్నిటికి మతి చెడి ఆ జిగురునే శత్రువనుకున్నాయి. జిగురు వదిలితే తోలు పొరలు విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. అదే బొబ్బ.

టి కణాలని ఇంకో జాతి ఉంది. వాటికి ఆ జిగురు ముక్కని ఎరగా తగిలించి లోపలికి వదిలితే, ఎర మీద పడ్డ బి కణాన్ని అక్కడికక్కడే చంపేస్తాయి. మంచి వాటి జోలికి పోవు. కానీ తాయారు సొంత టి కణాలు ఎనిమిదేళ్ల మందులకి ఉడిగిపోయాయి. ఇంకెవరివైనా తేవాలి. నావి రెండుసార్లు ఎక్కించారు. రెండుసార్లూ పది రోజులు తిరక్కుండా ఆవిడ ఒళ్లు వాటిని తుడిచిపెట్టేసింది. ఊళ్లో మూడు వేల మందికి పరీక్ష చేస్తే ఒక్కడు సరిపోయాడు. మంచు పంపులు బాగు చేయడానికి భూమి నుంచి వచ్చిన మెకానిక్కు, పేరు ఓదేలు.

"చూశారా, నిన్న లక్ష ఉన్నవి ఇవాళ నాలుగు లక్షలు," అన్నారు డాక్టరు గారు, సొంత పిల్లలు పరుగుపందెంలో గెలిచినంత సంబరంగా.

"నావి ఇలా పెరగలేదాండి?"

"మీవీ మంచివే గనిరాజు గారూ. ఆవిడ ఒంటికి పడలేదు, అంతే."

పదమూడేళ్లు కాపురం చేసిన మగాడు వినాల్సిన మాటేనా ఇది?

రోజు 30. రెండు.

ఇవాళ విందు. ఎవరి కణాలు మన ఇంటి మనిషి ఒంట్లో ఉంటే వాళ్లు మన ఇంటివాళ్లే అని ఇక్కడి ఆచారం. కణబంధువు అంటారు. పది రోజులకోసారి వచ్చి జబ్బు మనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి తినేదే తినాలి. ఎవరు పెట్టారో గానీ, నన్ను అడిగి పెట్టలేదు.

ఓదేలు వచ్చాడు. ఆరడుగుల మనిషి, పంపు గ్రీజు గోళ్లలోంచి ఎంత కడిగినా పోదు. పప్పులో కారం లేదు, ఉప్పు లేదు. తాయారు నోరు పుండు కాబట్టి ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో అదే పప్పు. అతను లొట్టలేసుకుంటూ తిన్నాడు.

"మస్తుగున్నది చెల్లె," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే వండినవా బావా?"

బావట. తాయారు అతన్ని అన్నయ్యగారూ అని పిలుస్తుంది, కాబట్టి నేను బావనయ్యాను. అన్నయ్య అని పిలిచినప్పుడు నాకు కుళ్లు తగ్గాలి గదా. తగ్గలేదు. అతను ఆవిణ్ణి ఎత్తుకుపోతాడని నా భయం కాదు. ఎనిమిదేళ్లు నేను బయట కాపలా కాశాను, అతను నిద్రపోతూ కూడా లోపల కాపలా కాస్తున్నాడు. అదీ నా బాధ.

పంపులో చెయ్యి ఇరుక్కుని చొక్కా సగం చిరిగిపోయిన కథ ఒకటి చెప్పాడు. తాయారు నవ్వింది. నవ్వితే పెదవి పగిలి నెత్తురు వచ్చేది, అందుకని నవ్వడం మానేసి చాలా కాలమైంది. ఇవాళ పెదవి పగల్లేదు. నేను లేచి గిన్నెలు కడిగాను.

రోజు 44. సున్నా.

మొదటి సున్నా. తోలు గట్టిపడేదాకా ఆకు మాత్రం మానొద్దన్నారు. తాయారు చెయ్యి చాపి, "ఆకు లేకుండా పట్టుకోండి," అంది. పట్టుకున్నాను. తోలు జారలేదు. ఎనిమిదేళ్ల తర్వాత నా చేతిలో ఆవిడ చెయ్యి, మధ్యలో ఆకు లేదు. ఏడుపొచ్చింది.

"అంతా అన్నయ్యగారి చలవ," అంది.

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. నిజమే, అతని చలవే. కాదని ఎవరన్నారు? కానీ ఆ మాట రేపు అనొచ్చు. భోజనాలయ్యాక అనొచ్చు. నా చెయ్యి పట్టుకుని అనాలా?

రోజు 71. సున్నా.

విందులో ఓదేలు తన కూతురి బొమ్మ చూపించాడు. పేరు లచ్చి. అతను ఓడెక్కినప్పుడు మూడేళ్ల పిల్ల, ఇప్పుడు అయిదు దాటింది. ఓడ నూట పద్దెనిమిదో రోజున బయల్దేరుతుంది. అది తప్పితే మళ్లీ ఇరవై ఆరు నెలలు ఆగాలి. "నాకు రెండు జడలేసుడు రాదు బావా. నేర్చుకోవాలె," అన్నాడు.

కణబంధువు ఊరు దాటాలంటే వరసగా నలభై సున్నాలు ఉండాలి. ఒక్క అంకె పడినా మళ్లీ రక్తం ఇవ్వాలి, ఆగాలి. నిలవ పెట్టిన కణాలు ఇక్కడి కరెంటు తంటాలకి రెండుసార్లు పాడైపోయాయి, అందుకని తాజా రక్తమే కావాలంటారు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఇప్పటికే ఇరవై ఎనిమిది సున్నాలు. ఇంకో పన్నెండు పడి, ఓడ బయల్దేరేదాకా అలాగే నిలిస్తే చాలు, అతను తన దోవన తను పోతాడు. ఆ పైన మా ఇంట్లో నేనూ, తాయారూ, ఆవిడ చెయ్యీ.

రోజు 96. సున్నా.

తాయారు పొద్దున పప్పు తింటూ ఆగింది. "నోట్లో ఎక్కడో మండుతోందండి. ఎడం వైపు."

దీపం పెట్టి చూశాను. బుగ్గ లోపల పెసరగింజంత పుండు, అంచులు తెల్లగా. ఎనిమిదేళ్ల కిందట జబ్బు మొదలైంది కూడా నోట్లోనే. నాకు తెలుసు.

పళ్లు కొరుక్కుని ఉంటుంది అనుకున్నాను. నవ్వడం, మాట్లాడడం ఎక్కువైంది గదా ఈ మధ్య. పళ్ల కింద బుగ్గ పడి ఉంటుంది. అది బొబ్బ కాదు, కాబట్టి లెక్కలోకి రాదు.

"రాశారా?" అంది తాయారు.

"రాశాను," అన్నాను.

రోజు 104. సున్నా.

రెండు. కొత్త పుండు అంగిట్లో. తాయారు గంజి మాత్రం తాగింది. డాక్టరు గారు రక్తం తీసి చూస్తే ఇట్టే తెలిసిపోయేది, కానీ ఆ పరీక్ష రసాయనం ఓడల్లోనే రావాలి. అందుకే అది మామూలుగా వాడరు, ఈ గడిలో అంకె కనబడితేనే బయటికి తీస్తారు. అంటే ఇప్పుడు ఆస్పత్రికి కళ్లంటే నేనే.

నేను దుర్మార్గుణ్ణి కాదు. నాలుగు రోజులు చూద్దాం, తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గుతుందని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. దణ్ణం పెట్టుకుని సున్నా వేశాను.

"డాక్టరు గారేమన్నారు?" అని అడిగింది.

"కంగారు లేదన్నారు."

"అయితే సరే," అని కళ్లు మూసుకుంది. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగదు. నా మాట మీద ఆవిడకి అంత నమ్మకం.

రోజు 112. సున్నా.

ఓదేలుకి ఆస్పత్రి నుంచి సెలవు కాగితం వచ్చింది. ఆఖరి విందు. తాయారు అన్నం మెతుకు మింగలేక నీళ్లతో దిగమింగింది, అతని ఎదుట మొహం ముడవలేదు. "అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి అన్నయ్యగారూ," అంది.

"చెల్లె, జర సన్నగైనట్టున్నవ్," అన్నాడు ఓదేలు. నా వైపు చూశాడు. "మంచిగనే ఉన్నదా బావా?"

"బాగానే ఉంది," అన్నాను. ఒంటి మీద ఆకు మార్చే మనిషిని నేను. నాకు తెలియదా?

అతను వెళ్లేటప్పుడు నన్ను కౌగిలించుకున్నాడు. నేను చేతులు దించుకునే నిలబడ్డాను. 

రోజు 118. ఇరవై మూడు.

పొద్దున ఆకు తీస్తుంటే వీపు మీద అరచేతి మేర తోలు ఆకుతో పాటు వచ్చేసింది. నా చేతి తప్పు కాదు, నేను ఎప్పటిలాగే మెత్తగా తీశాను. తాయారు అరవలేదు. అరిచే ఓపిక లేదు. ఒళ్లు కాలిపోతోంది. నడుము కింద, చంకల్లో, మెడ మీద అన్నీ ఒక్క రాత్రిలో లేచాయి.

ఆవిడ చచ్చిపోతుంది అన్న మాట అప్పుడు నా బుర్రలో అక్షరాలతో సహా కనబడింది. ఎనిమిదేళ్ల కిందట మందులుండేవి, ఇప్పుడు ఆ మందులకి ఆవిడ ఎముకలు తట్టుకోవు. మిగిలింది ఓదేలు రక్తమే. ఓడ మధ్యాహ్నం పన్నెండుకి.

గడిలో ఇరవై మూడు వేశాను. ఇరవై రెండు రోజుల అబద్ధం పక్కన నిజం ఒక్కటే నిలబడింది. డాక్టరు గారికి ఫోనులో చెప్పాను, ఎప్పటి నుంచో కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "మొదటి పుండు రోజే రాసి ఉంటే, కణాలు తయారవడానికి ఇరవై రోజులు. నూట పదహారుకి పని అయిపోయేది. కొత్త కణాలు చేతికొచ్చాక నలభై సున్నాల కోసం ఎవర్నీ ఆపం. అతనూ హాయిగా ఓడెక్కేవాడు గనిరాజు గారూ," అన్నారు.

ఈ లెక్క నేను ఎవర్నీ అడగలేదు. పుండు అని రాస్తే అతను రెండేళ్లు ఇక్కడే ఉంటాడని నాకు నేనే తీర్మానించుకున్నాను.

పరుగెత్తాను. ఓడ రేవులో వరసలో నాలుగో మనిషి ఓదేలు, భుజాన సంచీ. అందరి ముందే చెప్పాను. తాయారుకి తిరగబెట్టిందని, తొంభై ఆరో రోజు నుంచి తెలుసునని, నేనే దాచానని.

"ఎందుకు?" అన్నాడు.

"నిన్ను చూస్తే నాకు కుళ్లు."

అతను కొట్టడానికి చెయ్యెత్తాడు. కొడితే బాగుండు అనుకున్నాను. చెయ్యి దించేశాడు. "నీ పెండ్లాం పాణం కన్న నా మీద కండ్లమంటనే ఎక్కువైందా నీకు?" అన్నాడు. వరసలోంచి బయటికొచ్చి సంచీ నా చేతిలో పడేశాడు. "నడువు. రక్తం తీస్కోమను."

మేం ఆస్పత్రి మెట్లెక్కుతుండగా ఓడ లేచింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను.

రోజు 121.

ఇవాళ్టి నుంచి గడి నాకు తెరుచుకోదు. అబద్ధం అంకె వేసినవాడు తొంభై రోజులు జబ్బు మనిషిని ముట్టుకోకూడదు, ఆకు వేయకూడదు. గది గుమ్మం దగ్గర గీసిన గీతకి బయట ముక్కాలి పీట వేసుకుని కూర్చోవచ్చు. చూసుకునే మనిషి ఎవరో తాయారునే చెప్పమన్నారు.

"అన్నయ్యగారు," అంది. ఇంకెవరున్నారు గనక.

తర్వాత నన్ను పిలిచింది. గుమ్మంలో నిలబడ్డాను. "పుళ్లు తిరగబెట్టినందుకు కాదండి," అంది, పెదవులు కదపకుండా. "నోరు మండుతోందని చెప్పిన ప్రతిసారీ మీరు నా మొహం చూసి రాశానన్నారు. మొహం చూసి." అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

రోజు 128.

ఓదేలు మా ఇంట్లోనే ఉంటున్నాడు. పంపుల కంపెనీ అతని బస వేరేవాళ్లకి ఇచ్చేసింది. పది రోజుల కిందట సాగనంపుదామనుకున్న మనిషి ఇరవై ఆరు నెలలు నా ఇంట్లో, నా కంచంలో. నవ్వొస్తే నవ్వుకోండి, నాకు మాత్రం రావడం లేదు.

అతని చెయ్యి బరువు. పంపులు విప్పే చెయ్యి గదా. ఇవాళ ఆకు చివర పట్టుకుని లాగేశాడు, భుజం మీద తోలు లేచింది. తాయారు కేక పెట్టింది. నేను పీట మీద నుంచి లేచి గీత దాకా వచ్చి ఆగిపోయాను.

"అన్నయ్యగారూ, ఆయన్ని అడగండి," అంది తాయారు. వారం రోజుల్లో నా గురించి ఆవిడ అన్న మొదటి మాట. నాతో కాదు, నా గురించి.

"ఎట్ల తియ్యాలె బావా?" అన్నాడు ఓదేలు, నా వైపు చూడకుండా.

చెప్పాను. ముందు గోరువెచ్చని నీళ్లు ఆకు కిందికి పోనివ్వాలి. లాగకూడదు, చుట్టాలి. ఈనె వైపు నుంచి మొదలెట్టాలి. ఆవిడ ఊపిరి వదులుతున్నప్పుడే జరపాలి. ఎనిమిదేళ్లు దాచుకున్న నా పనితనం మొత్తం ఒక్క పూటలో అతని చేతికి పోయింది. రెండో ఆకు మెత్తగా వచ్చింది. నాకు కడుపు రగిలిపోయింది, అబద్ధమెందుకు. రగిలిపోతూనే మూడో ఆకు ఎలా తీయాలో చెప్పాను.

రోజు 139.

నిన్న కొత్త కణాలు ఎక్కించారు. మళ్లీ రక్తం కావాల్సి రావచ్చని, కణాలు తయారవుతున్నన్నాళ్లూ అతనికి జలుబు చేయకుండా చూసుకోవడం నా వంతైంది. అతను తుమ్మితే నా గుండె ఆగేది. మిరియాల చారు కాచాను, పాలు మరగబెట్టి ఇచ్చాను, దుప్పటి కప్పాను. నా పెళ్లాన్ని కూడా అంత కనిపెట్టుకుని ఉండలేదేమో.

బొబ్బల అంకె ఓదేలు వేస్తున్నాడు. ఇవాళ ముప్పై ఒకటి. తాయారు బతుకుతుందో లేదో ఇంకో పది రోజులకి గానీ తెలియదని డాక్టరు గారన్నారు.

రోజు 150.

కొత్తవి ఆరు. ఇక భయం లేదన్నారు. తాయారు అరకప్పు పప్పు తిన్నది. నేను గుమ్మం బయట పీట మీద కూర్చుని అది లోపలికి పోవడం చూశాను.

మధ్యాహ్నం ఓదేలు నా ముందు మైకు పెట్టాడు. "లచ్చికి చెప్పు," అన్నాడు. "ఓడ చెడిపోయిందని చెప్పిన్రు మా ఇంట్ల. రోజూ అడుగుతాంది, ఎప్పుడు బాగయితదని. నాతోని కాదు. నువ్వే చెప్పాలె."

"అంత పసిపిల్లకి ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పు. ఆకు తీసుడు నాకు నేర్పినవ్ గద. ఇది నువ్వు నేర్చుకో."

మాట అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు, జవాబు రావడానికి ఇరవై. మైకు దగ్గరికి లాక్కున్నాను. గదిలోంచి తాయారు వింటోందని తెలుసు. చివరికి ఇలా చెప్పాను:

"లచ్చీ, నేను మీ గనిరాజు మామని. ఓడ చెడిపోలేదమ్మా. మీ అత్తకి ఒంట్లో బాగాలేదు. మీ నాన్న రక్తం ఇస్తే బాగవుతుంది. మీ నాన్న మంచివాడు, అందరూ మీ నాన్ననే మెచ్చుకుంటుంటే నాకు కుళ్లు పుట్టింది. అందుకని అత్తకి జబ్బు తిరగబెట్టినా లేదని అబద్ధం రాశాను. నిజం రాసి ఉంటే మీ నాన్న నీ దగ్గరికి వచ్చేసేవాడు. నా వల్ల ఆగిపోయాడు. నువ్వు నన్ను తిట్టుకోవచ్చు."

నలభై నిమిషాలు ఓదేలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. జవాబొచ్చింది. తెర మీద రెండు జడలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. పిల్ల వేలితో జడ చివర తిప్పుకుంటూ కూర్చుంది.

"మామా," అంది చివరికి. "నాక్కూడ కండ్లమంట ఉన్నది. అత్త మీద. అత్తకాడ రోజు మా నాన్న ఉంటడు." జడ వదిలేసింది. "జల్ది రోగం తక్కువ చెయ్యి మామా అత్తకు."

తెర ఆరిపోయింది. గదిలో తాయారు ఏడుస్తోంది. ఏడిస్తే కళ్ల కింది పుళ్లు మండుతాయి, ఉప్పునీరు పుళ్ల మీద నిలవకముందే అద్దాలి. నేను లేవబోయాను, గీత గుర్తొచ్చి ఆగాను. ఓదేలు మొహం తుడుచుకుని, చేతులు కడుక్కుని, ఆవిరి పట్టిన లేతాకు చిన్న ముక్క చింపి లోపలికి వెళ్లాడు.

"చెప్పు బావా," అన్నాడు.

చెప్పాను.